ఇంగ్లీష్‌లో ‘ఫైన్’ అనే మాటని ఎక్కడ ఎలా వాడాలి: బెంగళూరుకి కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసం

మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో దిగి ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్లలో ఎవర్ని కదిపినా తడుముకోకుండా వచ్చే ఇంగ్లీష్ వాక్యం ఒకటుంటుంది, హౌ ఆర్ యూ అంటే ఐ యామ్ ఫైన్. చిన్నప్పుడు స్కూల్లో అందరం కోరస్‌గా చెప్పిందే. అక్కడితో ఆ మాట వచ్చేసింది అనుకుంటాం. కానీ ఆఫీసులో చేరాక అదే ఫైన్ రకరకాలుగా చెవిన పడుతుంది, మేనేజర్ మన పని చూసి ‘ఇట్స్ ఫైన్’ అంటాడు, కాఫీ తెమ్మంటారా అంటే పక్కసీటు అమ్మాయి ‘ఐ యామ్ ఫైన్’ అంటుంది, క్లయింట్ ‘ఫైన్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు, సిగ్నల్ దగ్గర పోలీసాయన ఫైన్ కట్టమంటాడు, స్కూల్లో టీచర్ మీ పాపకి ఫైన్ మోటార్ స్కిల్స్ ఇంకా రావాలి అంటుంది. వీటన్నిటికీ ‘బాగుంది’ అని ఒకే అర్థం పెట్టుకుంటే చాలాచోట్ల తేడా కొడుతుంది.

అందుకే ఈ ఒక్క మాటని పట్టుకుని మొదట్నించీ ఎలా నేర్చుకోవాలో రాస్తున్నా. లావుపాటి గ్రామర్ పుస్తకాలేం అక్కర్లేదు, మీకు తెలుగు బాగా వస్తే చాలు, ఎందుకంటే ఫైన్‌కి ఉన్న అర్థాలన్నిటికీ మన దగ్గర విడివిడిగా చక్కటి మాటలున్నాయి, ఏ చోట ఏ తెలుగు మాట పడుతుందో చూసుకోవడమే అసలు పని. నిదానంగా చదవండి, ఒక్కో స్టెప్ దగ్గర ఆగి మీరే రెండు వాక్యాలు పైకి అనుకోండి.

స్టెప్ 1: ముందు పలకడం

పై పళ్లు కింది పెదవికి ఆనించి గాలి వదులుతూ మొదలుపెట్టాలి. రెండు పెదవులూ మూసి తెరిస్తే అది పైన్ అయిపోతుంది, అది చలి ప్రాంతాల కొండల్లో పెరిగే చెట్టు పేరు. చివర్లో ‘డ్’ తగిలించకండి, ఫైండ్ అంటే వెతికి పట్టుకోవడం, వేరే మాట. ఫోన్ ఇంటర్వ్యూలో అవతలివాళ్లకి మన మొహం కనపడదు కాబట్టి పలకడం ఇంకొంచెం ముఖ్యం. ఇంతే, ఈ స్టెప్ మీద ఎక్కువసేపు ఉండక్కర్లేదు.

స్టెప్ 2: వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైంది, పైగా మనకి ఎవరూ చెప్పనిది. ఫైన్ అనేది పేరుకి, అంటే నౌన్‌కి, ముందొస్తే ఒక బరువు, వాక్యం చివర్లో ‘ఈజ్’ తర్వాతొస్తే ఇంకో బరువు.

‘షీ ఈజ్ ఎ ఫైన్ సింగర్’ అన్నారనుకోండి, అది పెద్ద మెచ్చుకోలు, ఆవిడ మంచి గాయని, నాణ్యమైన గొంతు అని. అదే కచేరీ నుంచి వచ్చినాయన్ని ఎలా ఉంది అని అడిగితే ‘ద సింగర్ వాజ్ ఫైన్’ అన్నాడంటే మాత్రం, పర్లేదు, ఫిర్యాదేం లేదు, అంతే. అలాగే ‘ఎ ఫైన్ పీస్ ఆఫ్ వర్క్’ అంటే పని అద్భుతంగా చేశావు అని అర్థం, ‘యువర్ వర్క్ ఈజ్ ఫైన్’ అంటే పని నడిచిపోతుంది అని అర్థం. మాట ఒకటే, చోటు మారింది, విలువ సగానికి పడిపోయింది.

మనవాళ్లు చాలామంది ఏడాది చివర అప్రైజల్ మీటింగ్‌లో మేనేజర్ నోటివెంట ‘ఫైన్’ వినగానే సంతోషపడిపోతారు, తర్వాత రేటింగ్ చూసి బాధపడతారు. అలా వింటే వెంటనే మర్యాదగానే ‘వాట్ కెన్ ఐ డూ బెటర్’ అని అడగండి, అంటే ఇంకా ఏం మెరుగుపరుచుకోవాలి అని. ఆ ప్రశ్న అడిగితే తప్పేం లేదు, అడగాల్సిన ప్రశ్నే అది. క్లయింట్ ‘ద డిజైన్ ఈజ్ ఫైన్’ అని మెయిల్ పెట్టినా అంతే, దాన్ని ఓకే అన్నారు అని తీసుకోండి, మెచ్చుకున్నారు అని మాత్రం టీమ్‌కి చెప్పకండి.

ఇంకొకటి, మీరు ఎవరినైనా నిజంగా మెచ్చుకోవాలంటే ఈ ‘ఈజ్ ఫైన్’ వాడకండి. ఇంటికి పిలిచి భోజనం పెట్టినవాళ్లతో ‘ద ఫుడ్ వాజ్ ఫైన్’ అంటే వాళ్ల మనసు చిన్నబోతుంది. వండర్‌ఫుల్ అనండి, వెరీ టేస్టీ అనండి, లేదా ఐ లవ్డ్ ఇట్ అనండి. తెలుగులో మన పిన్ని వండిన గుత్తివంకాయ కూర తిని ‘పర్లేదు’ అని లేచిపోతే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది.

స్టెప్ 3: దానికి ఎదురు మాట ఏంటో అడగండి

ఫైన్ అర్థం తెలియట్లేదా, అక్కడ దానికి వ్యతిరేకంగా ఏ మాట పెట్టొచ్చో ఆలోచించండి, అర్థం తనంతట తనే బయటపడుతుంది. నేను మా పీజీలో కొత్తగా వచ్చిన పిల్లలకి చెప్పేది ఇదే, వాళ్లకి బాగా ఎక్కింది కూడా.

మనిషి గురించి అయితే ఎదురుమాట సిక్, ఒంట్లో బాలేదు. కాబట్టి ఫైన్ అంటే కులాసా. వాతావరణం గురించి అయితే ఎదురుమాట రెయినీ, కాబట్టి ‘ఎ ఫైన్ డే’ అంటే వాన లేని రోజు, తెరిపిచ్చిన రోజు. బ్రిటిష్ వాళ్ల మాటల్లో ఇది ఎక్కువ వినపడుతుంది, వాళ్లకి వాన పడకపోవడమే పెద్ద విషయం కదా. పొడి గురించి అయితే ఎదురుమాట కోర్స్, అంటే బరక, కాబట్టి ఫైన్ అంటే మెత్తన. గీత గురించి, పెన్ను పాళీ గురించి అయితే ఎదురుమాట థిక్ లేదా బ్రాడ్, కాబట్టి ఫైన్ అంటే సన్నం. మన చిన్నప్పటి రేనాల్డ్స్ పెన్ను గుర్తుందా, తెల్ల బాడీ నీలం క్యాప్, దానిమీద 045 ఫైన్ కార్బ్యూర్ అని ఉండేది, ఆ ఫైన్ ఈ సన్నమే, గీత సన్నగా పడుతుందని. నేనైతే చాలాకాలం పెన్ను బాగుంటుందని కంపెనీవాళ్లే రాసుకున్నారేమో అనుకునేవాణ్ణి.

ఎదురుమాట ‘ప్రాబ్లమ్’ అయితే, అంటే ఏదో అనుమతి గురించో ఏర్పాటు గురించో మాట్లాడుతుంటే, అక్కడ ఫైన్ అంటే సరే, ఇబ్బంది లేదు.

క్రికెట్ చూసేవాళ్లకి ఇంకో మంచి ఉదాహరణ. ఫైన్ లెగ్ అంటే అక్కడ నిలబడినవాడు బాగా ఆడతాడని కాదు. రెండు వికెట్లనీ కలుపుతూ గీత గీసి దాన్ని కీపర్ వెనక్కి బౌండరీ దాకా పొడిగించండి, ఆ గీతకి దగ్గరగా ఉంటే ఫైన్, అడ్డంగా పక్కకి జరిగితే స్క్వేర్. బ్యాటర్ వెనక లెగ్ వైపు ఆ గీతకి దగ్గర్లో ఉండే ఫీల్డర్ ఫైన్ లెగ్, అదే లెగ్ వైపు క్రీజుకి తిన్నగా పక్కన ఉండేవాడు స్క్వేర్ లెగ్. ఫైన్ లెగ్‌లోని వాణ్ణి సర్కిల్ లోపలికి తెస్తే షార్ట్ ఫైన్ లెగ్. ఇక్కడ ఎదురుమాట స్క్వేర్ అని తెలిస్తే చాలు. చిన్నస్వామిలో మ్యాచ్‌కి వెళ్లినప్పుడు కామెంటరీ పెట్టుకుని వినండి, ‘హి ప్లేడ్ ఇట్ వెరీ ఫైన్’ అంటారు, అంటే కీపర్‌కి బాగా దగ్గర్నుంచి సన్నగా పోనిచ్చాడని.

స్టెప్ 4: మాటల్లో వాడేటప్పుడు జాగ్రత్తలు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే మనం రోజూ తడబడేది ఇక్కడే.

ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే ‘ఐ యామ్ ఫైన్’ అంటే వద్దు అని. కాఫీ తాగుతారా, ఐ యామ్ ఫైన్, అంటే నాకొద్దులెండి. ఇక్కడే మనవాళ్లు ఇరుక్కుంటారు, కాఫీ కావాలి, మొహమాటం, ఏమనాలో తెలీక ‘ఐ యామ్ ఫైన్’ అనేస్తారు, అవతలాయన సరేనని వెళ్లిపోతాడు. కావాలంటే ‘కాఫీ ఈజ్ ఫైన్’ లేదా ‘కాఫీ వుడ్ బీ ఫైన్’ అనాలి, అంటే కాఫీ అయితే చాలు అని. ‘ఐ’తో మొదలైతే వద్దు, వస్తువుతో మొదలైతే కావాలి, ఇలా గుర్తుపెట్టుకోండి. ఇంకా తేలిక దారి కావాలంటే ఎస్ ప్లీజ్, నో థాంక్స్, ఈ రెండూ ఎక్కడా మోసం చెయ్యవు.

మన తెలుగు ‘పర్లేదు’ అచ్చం ఇలాగే ఉంటుంది చూడండి. కూర్చోండి అంటే పర్లేదండి అంటాం, అంటే వద్దులే నిలబడతా అని. కాలు తొక్కినవాడు సారీ అంటే పర్లేదు అంటాం, అంటే ఏం కాలేదు అని. సినిమా ఎలా ఉంది అంటే పర్లేదు అంటాం, అంటే ఓ మాదిరి అని. ఈ మూడుచోట్లా ఇంగ్లీష్ వాళ్లు ఫైన్ వాడొచ్చు. కన్నడవాళ్ల పరవాగిల్ల, తమిళులు అనే పరవాయిల్లై కూడా ఇదే పని చేస్తాయి, అందుకే ఈ ఒక్క చోట మన దక్షిణాది వాళ్లకి ఫైన్ అలవాటవడం సులువు. మీ నోట్లో పర్లేదు అనే మాట ఎక్కడ వస్తుందో అక్కడ ఫైన్ పెట్టి చూడండి, ఎక్కువసార్లు అతుకుతుంది.

ఇప్పుడు కోపం ఫైన్. తెలుగులో సరే వేరు, సరేలే వేరు. ‘సరే’ అంటే ఒప్పుకున్నాం, ‘సరేలే’ అంటే ఒప్పుకోలేదు గానీ ఇంక నీతో వాదించే ఓపిక లేదు. ఇంగ్లీష్‌లో ఆ ‘లే’ లేదు, అది గొంతులో ఉంటుంది. ‘దట్స్ ఫైన్’ అని మామూలుగా అంటే సరే. ఒక్కటే ‘ఫైన్’ అని గట్టిగా, కిందికి దించి అంటే సరేలే. చాట్‌లో గొంతు ఉండదు కాబట్టి అక్కడ ఒంటరి ఫైన్ పక్కన ఫుల్‌స్టాప్ పడితే చాలామంది దాన్ని సరేలే కింద చదువుతారు. మీ టీమ్ లీడ్ రేపు సెలవు పెడుతున్నా అని చెప్పినప్పుడు మీరు కోపంగా లేకపోయినా ‘ఫైన్’ అని ఒక్క మాట కొడితే ఆవిడ ఏదో అనుకుంటుంది. దానికి రెండు మాటలు చేర్చండి, ‘దట్స్ ఫైన్, టేక్ కేర్’ అనో ‘ఫైన్ విత్ మీ, ఐ విల్ మేనేజ్’ అనో. పెద్ద పనేం కాదు, బోలెడు అపార్థం తగ్గుతుంది.

అనుమతి అడగడానికి ఫైన్ చాలా మంచి మాట, మెత్తగా ఉంటుంది, బతిమాలినట్టు ఉండదు. ‘ఈజ్ ఇట్ ఫైన్ ఇఫ్ ఐ లీవ్ ఎట్ ఫైవ్ టుడే?’ అంటే ఇవాళ ఐదింటికి వెళ్తే ఇబ్బందేమైనా ఉందా అని. ‘ఈజ్ మండే ఫైన్ ఫర్ యూ?’ అంటే సోమవారం మీకు కుదురుతుందా అని. జవాబు చెప్పేటప్పుడు విత్, బై, ఫర్ ఈ మూడిట్లో ఏది పెట్టాలని కంగారు పడక్కర్లేదు, ‘ఫైన్ విత్ మీ’, ‘ఫైన్ బై మీ’ రెండూ నాకు అభ్యంతరం లేదు అనే చెప్తాయి, టైముకో రోజుకో అయితే ‘ఫైన్ ఫర్ మీ’. ఇంటర్వ్యూలో నైట్ షిఫ్ట్ గురించి అడిగితే ‘ఐ యామ్ ఫైన్ విత్ నైట్ షిఫ్ట్స్’ అనండి, నీట్‌గా ఉంటుంది.

డాక్టర్ దగ్గర మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. అనంతపురం నుంచి, కడప నుంచి, చిత్తూరు నుంచి అమ్మానాన్నల్ని చూపించడానికి మనం బెంగళూరు ఆస్పత్రులకే తీసుకొస్తాం. డాక్టర్ లోపలికి రాగానే ‘హౌ ఆర్ యూ?’ అంటారు, నాన్న గౌరవంగా లేచి ‘ఫైన్ సార్’ అంటారు, అది నమస్కారానికి బదులు నమస్కారం లాంటిది ఆయనకి. డాక్టర్‌కి అది సమాచారం. నొప్పి తగ్గిందేమో, మందు పనిచేసిందేమో అనుకునే అవకాశం ఉంది. అందుకని ముందే ఇంట్లో చెప్పి తీసుకెళ్లండి, అక్కడ ఫైన్ వద్దు, ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, ఏం తింటే ఎక్కువవుతుంది, ఇవి తెలుగులోనే చెప్పమనండి, మీరు పక్కనుండి ఇంగ్లీష్‌లో చెప్పండి. ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలను అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

స్టెప్ 5: వెరీ, ఫైనర్, ఫైన్లీ

ఒంట్లో బాగుంది అనే అర్థంలో ‘ఐ యామ్ వెరీ ఫైన్’ అనరు. మనదేశంలో వినిపిస్తుంది గానీ బయటివాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘వెరీ వెల్’ అనండి, లేదా ‘అబ్సొల్యూట్లీ ఫైన్’, ‘పర్ఫెక్ట్లీ ఫైన్’, ‘జస్ట్ ఫైన్’ అనండి. కానీ పొడి గురించైతే ‘వెరీ ఫైన్ పౌడర్’ నూటికి నూరుపాళ్లు కరెక్టు. తేడా ఎందుకంటే మెత్తదనానికి కొలత ఉంది, ఇంకా మెత్తన, ఇంకా ఇంకా మెత్తన అనొచ్చు, సరే అనేదానికి కొలత లేదు, సరే అంటే సరే.

ఫైనర్ కూడా అంతే. ‘గ్రైండ్ ఇట్ ఫైనర్’ అంటే ఇంకా మెత్తగా పట్టండి, తప్పు లేదు. జ్వరం తగ్గాక ‘ఐ యామ్ ఫైనర్ నౌ’ అనకూడదు, ‘ఐ యామ్ బెటర్ నౌ’ అనాలి. మోర్ ఫైన్ అనేది ఎటూ వాడకండి.

ఇక ఫైన్లీ. పని ఎలా నడుస్తోంది అని చెప్పేటప్పుడు లై చేర్చాలని గ్రామర్ టీచర్ చెప్పారు కదా అని ‘ద లాప్‌టాప్ ఈజ్ వర్కింగ్ ఫైన్లీ’ అంటారు కొందరు. కాదు, ‘వర్కింగ్ ఫైన్’ అనే అనాలి, ‘ఐ యామ్ డూయింగ్ ఫైన్’ అనే అనాలి. ఫైన్లీ అంటే సన్నగా, మెత్తగా అని. వంట వీడియోల్లో ‘ఫైన్లీ చాప్డ్ ఆనియన్స్’ అంటారే, అది ఉల్లిపాయలు సన్నగా తరగడం. లాప్‌టాప్ సన్నగా పనిచెయ్యదు కదా.

స్టెప్ 6: బజారుకి వెళ్లి నేర్చుకోండి

ఇది నాకు ఇష్టమైన స్టెప్. ఫైన్‌కి ఉన్న పాత అర్థాలన్నీ అంగళ్లలో దొరుకుతాయి, పుస్తకంలో చదివినదానికంటే చేత్తో పట్టుకుంటే బాగా గుర్తుంటుంది.

కిరాణా కొట్లో చిరోటి రవ్వ అడగండి. బెంగళూరులో సన్నరవ్వని అలా అంటారు, ప్యాకెట్ మీద కొన్ని కంపెనీలు ఫైన్ సూజి అని కూడా రాస్తాయి. పక్కనే మామూలు ఉప్మా రవ్వ పట్టుకుని రెండూ వేళ్ల మధ్య నలిపి చూడండి, ఒకటి ఫైన్, ఒకటి కోర్స్. బియ్యం దగ్గర సోనామసూరి, అంటే మనం సన్నబియ్యం అనేది, దాన్నే ఇంగ్లీష్ పేపర్లలో ఫైన్ రైస్ అని రాస్తారు. తెలంగాణలో 2025 ఉగాదికి రేషన్ కార్డులకి సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఇంగ్లీష్ వార్తల్లో ఫైన్ రైస్ అనే వచ్చింది, మంచి బియ్యం అని కాదు అక్కడ అర్థం, గింజ సన్నది అని.

కాఫీ పొడి పట్టించే కొట్టుకి వెళ్తే గింజలు మీ ఎదురుగానే మరలో వేస్తారు, ఫైనా కోర్సా అని అడుగుతారు. ఫిల్టర్‌కి మరీ బరకగా ఉంటే డికాషన్ నీళ్లలా దిగుతుంది, మరీ మెత్తనైతే అసలు దిగదు, మీ ఫిల్టర్ సంగతి చెప్తే కొట్టువాళ్లే సరిగ్గా పట్టి ఇస్తారు.

బంగారం దగ్గర ఫైన్ అంటే వేరే రుచి. అక్కడ ఎదురుమాట ఇంప్యూర్, కల్తీ. ఫైన్ గోల్డ్ అంటే మన మేలిమి బంగారం. ఎంత మేలిమో చెప్పే అంకెని ఫైన్‌నెస్ అంటారు, వెయ్యి భాగాల్లో ఎన్ని భాగాలు అసలు బంగారం అనే లెక్క. 24 క్యారెట్ అంటే 999, 22 క్యారెట్ అంటే 916, 18 క్యారెట్ అంటే 750. నగ మీద 916 అని ఉందంటే పది గ్రాముల నగలో 9.16 గ్రాములు మేలిమి, మిగతాది రాగి లాంటి లోహం. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ కూడా ఉండాలి. అవెన్యూ రోడ్డులోనో కమర్షియల్ స్ట్రీట్‌లోనో కొనేటప్పుడు ‘వాట్ ఈజ్ ద ఫైన్‌నెస్?’ అని అడగండి, దాన్ని ‘ఫిట్‌నెస్’ అనో ‘ఫినిష్’ అనో పొరపడకండి, ఫినిష్ అంటే మెరుపు, అది వేరే సంగతి.

బళ్లారి వైపు నుంచి వచ్చినవాళ్లకి ఇంకో ఫైన్స్ తెలిసే ఉంటుంది. ఇనుప ఖనిజం తవ్వినప్పుడు వచ్చే పెద్దగడ్డల్ని లంప్స్ అంటారు, పొడినీ చిన్న ముక్కల్నీ ఫైన్స్ అంటారు, మామూలుగా 10 మిల్లీమీటర్ల లోపువి. జరిమానాలు కావవి.

సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో రోజూ ఊపిరి పీల్చే మనకి పీఎం 2.5 అనే మాట కూడా కావాలి. దాన్ని ఫైన్ పార్టికల్స్ అంటారు, 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే ఆ కణం దానిలో దాదాపు ముప్పయ్యో వంతు. ఇవి ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి. వార్తల్లో ‘ఫైన్ పార్టికల్స్ ఇన్ ద ఎయిర్’ అని వస్తే గాలి బాగుందని అర్థం చేసుకుంటే చాలా ప్రమాదం, అది గాలి పాడైందని చెప్పే వార్త.

స్కూల్ రిపోర్టులో ఫైన్ మోటార్ స్కిల్స్ కూడా ఈ కుటుంబమే. పరిగెత్తడం, గెంతడం లాంటి పెద్ద కదలికలు గ్రాస్ మోటార్. చొక్కా గుండీ పెట్టుకోవడం, పూసలు గుచ్చడం, పెన్సిల్ పట్టుకోవడం లాంటి వేళ్ల సన్నపనులు ఫైన్ మోటార్. టీచర్ ఆ మాట అంటే పాపకి బొమ్మలు గీయించమని, మట్టి ముద్దలు పిసికించమని అడుగుతున్నట్టు. కారుబొమ్మల సంగతి కాదు.

స్టెప్ 7: జంటగా తిరిగే మాటల్ని జంటగానే పట్టుకోండి

ఫైన్ ప్రింట్ అంటే ఒప్పందాల్లో చివర చీమల్లాంటి అక్షరాలతో ఉండే షరతులు. పీజీలో చేరేటప్పుడు, ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ఇది చదవకుండా సంతకం పెట్టకండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చుకింద అడ్వాన్స్‌లో ఎంత కోస్తారు, నోటీసు ఎన్ని రోజులు ముందివ్వాలి అనేవి అక్కడే ఉంటాయి. అర్థం కాకపోతే ‘కెన్ యూ ఎక్స్‌ప్లెయిన్ ద ఫైన్ ప్రింట్?’ అని అడగండి, ఓనర్ కన్నడాయన అయినా ఈ మాట అర్థమవుతుంది.

ఫైన్ లైన్ అంటే రెండిటి మధ్య సన్నటి గీత. ‘దేర్ ఈజ్ ఎ ఫైన్ లైన్ బిట్వీన్ కాన్ఫిడెన్స్ అండ్ ఆరోగెన్స్’ అని ఇంటర్వ్యూ వీడియోల్లో తెగ వాడతారు, ధీమాకీ పొగరుకీ మధ్య వెంట్రుకవాసి తేడా అని.

ఫైన్ ట్యూన్ అనేది పాత రేడియోల నుంచి వచ్చింది, ముందు స్టేషన్ దొరకబట్టి తర్వాత చిన్న బటన్ తిప్పుతూ గరగర పోయేదాకా సర్దేవాళ్లు. ఇప్పుడు వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో ఏఐ మోడల్‌ని ఫైన్ ట్యూన్ చేశాం అంటున్నారు కదా, అదీ అదే, అప్పటికే బోలెడు డేటాతో నేర్చుకున్న మోడల్‌కి మన పనికి సంబంధించిన కొద్దిపాటి డేటా ఇచ్చి ఇంకాస్త సర్దడం.

ఫైన్ ఆర్ట్స్ అంటే లలితకళలు, చిత్రలేఖనం, శిల్పం లాంటివి. చెన్నైలో గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ ఉంది, 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టర్ మొదలుపెట్టిన స్కూలే తర్వాత అలా ఎదిగింది. ఫైన్ డైనింగ్ అంటే ఖరీదైన మర్యాదల భోజనం, అక్కడ ఫైన్ అంటే నాణ్యం.

‘ఎ ఫైన్ మెస్’ అన్నచోట మాత్రం తలకిందులుగా చదవాలి, చక్కటి గందరగోళం అని వెటకారం. ‘యూ ఆర్ ఎ ఫైన్ ఫ్రెండ్’ అని ఎవరైనా మొహం మాడ్చుకుని అంటే, భలే స్నేహితుడివిరా నువ్వు అని మనం దెప్పినట్టే.

స్టెప్ 8: జరిమానా ఫైన్‌ని వేరు చేసుకోండి

ఇది అడ్జెక్టివ్ కాదు, పేరు, కొన్నిసార్లు క్రియ. గుర్తుపట్టడం తేలిక, పక్కన డబ్బు ఉంటుంది, పే అనో కలెక్ట్ అనో ఫర్ అనో ఉంటుంది. ‘ఐ వాజ్ ఫైన్డ్’ అంటే నాకు జరిమానా పడింది. 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలో పాత ట్రాఫిక్ ఫైన్ల మీద యాభై శాతం తగ్గించినప్పుడు బెంగళూరులో జనం కట్టడానికి ఎగబడ్డారు, ఆ వార్తల్లో ఉన్నది ఈ ఫైనే.

విచిత్రం ఏంటంటే ఈ రెండు ఫైన్లూ ఒకే ఇంటి బిడ్డలు. లాటిన్‌లో ఫీనిస్ అంటే ముగింపు, హద్దు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీష్‌లోకి వచ్చింది. తగువు ముగించడానికి కట్టే డబ్బు జరిమానా ఫైన్ అయింది. మెరుగుపెట్టడంలో చివరి మెట్టు దాకా వెళ్లింది, ఇంక పైన ఏం లేనిది, నాణ్యమైన ఫైన్ అయింది, బంగారాన్ని చివరంటా శుద్ధి చేస్తే మేలిమి అయినట్టు. ఫినిష్, ఫైనల్, డిఫైన్, కన్ఫైన్, చివరికి ఫైనాన్స్ కూడా ఆ ఫీనిస్ నుంచే, బాకీ తీర్చి లెక్క ముగించడం అని. పిల్లలు కీబోర్డు నేర్చుకుంటుంటే వాళ్ల నొటేషన్ పుస్తకంలో పాట చివర ఇదే స్పెల్లింగ్ కనపడుతుంది, దాన్ని ఫైన్ అని చదవకూడదు, ఇటాలియన్‌లో ఫీనే, ఇక్కడితో అయిపోయింది అని.

స్టెప్ 9: ఇప్పుడు మీరే చెయ్యండి

కింది వాక్యాలు పైకి చదివి ముందు ఫైన్ ఎక్కడుందో, తర్వాత ఎదురుమాట ఏంటో చూసుకుని తెలుగు చెప్పండి. మొదటిది, ‘ద హోటల్ వాజ్ ఫైన్.’ రెండోది, ‘హి కమ్స్ ఫ్రమ్ ఎ ఫైన్ ఫ్యామిలీ.’ మూడోది, ‘ఎ ఫైన్ రెయిన్ వాజ్ ఫాలింగ్.’ నాలుగోది, ‘నో మోర్ రైస్, ఐ యామ్ ఫైన్.’ ఐదోది, ‘ఫైన్, ఐ విల్ పే ద ఫైన్.’

మొదటి దాంట్లో వాజ్ తర్వాతొచ్చింది కాబట్టి హోటల్ పర్లేదు. రెండో దాంట్లో పేరుకి ముందుంది, మంచి కుటుంబం, పేరున్న ఇల్లు. మూడో దాని దగ్గర చాలామంది ఆగిపోతారు, మంచి వాన అనేస్తారు, ఎదురుమాట హెవీ అని పెట్టి చూడండి, అది సన్నటి తుంపర. నాలుగోది అన్నం చాలండి, వద్దు. ఐదో దాంట్లో మొదటి ఫైన్ సరేలే, రెండోది జరిమానా.